ఎండ్రకాయ లోతు సముద్రపు చుట్టం

కర్నూలు-కడప (కె.సి.) కాలువకు నీళ్లు వదిలిన కొన్నాళ్లకే నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, చాపాడు పల్లెల్లో వరిమళ్ల గట్ల మీద ఎండ్రకాయలు తిరగడం మొదలవుతుంది. వేసవిలో నెర్రెలు విచ్చిన ఆ నేల అడుగునే అవి ఇన్నాళ్లూ దాక్కున్నాయి. రైతుకు వాటితో ఏటా పేచీయే. గట్టుకు బొక్క పెడతాయి. పై మడి నీళ్లు తెల్లారేసరికి కింది మడిలో ఉంటాయి. కొత్తగా నాటిన లేత నారును మొదలంటా కొరికి పడేస్తాయి. ఇంత తిట్టుకున్నా, ఇంట్లో ఎవరికైనా జలుబు పట్టి ఊపిరాడకపోతే ముందు గుర్తొచ్చేది ఘాటుగా మిరియాలు దంచి కాచిన ఎండ్రకాయ పులుసే.

అరచేతిలో ఇమిడే ఈ జీవికి ఒక మహాకాయుడైన చుట్టం ఉంది. అది జపాన్ తూర్పు తీరాన, పసిఫిక్ మహాసముద్రంలో, వెలుగు సరిగా చేరని లోతుల్లో బతుకుతుంది. పేరు జపాన్ సాలీడు పీత. కాళ్లు బారజాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 3.7 మీటర్లు. బరువు 19 కిలోల దాకా తూగుతుంది. కీళ్లకాళ్లున్న జీవులన్నింటిలోనూ, అంటే పురుగులు, సాలీళ్లు, తేళ్లు, జెర్రులు, రొయ్యలు, పీతలు అన్నీ కలిపి చూసినా, ఇంత బారు కాళ్లు మరి దేనికీ లేవు. మన వరిమడి ఎండ్రకాయ తూకం ముప్పై నలభై గ్రాములు. అలాంటివి ఐదారువందలు కలిస్తే ఒక సాలీడు పీత.

ఎంగెల్‌బెర్ట్ కెంఫర్ అనే జర్మన్ వైద్యుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1690లో నాగసాకి దగ్గరి దెజిమా దీవిలో దిగి, రెండేళ్లు అక్కడే ఉన్నాడు. జపాన్ మొక్కల గురించీ జంతువుల గురించీ ఐరోపాకు వివరంగా చెప్పిన తొలితరం వాళ్లలో ఆయన ఒకడు. 1836లో డచ్చి జంతుశాస్త్రవేత్త టెమింక్ ఈ పీతకు శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు ఆయన పేరునే కలిపాడు. మాక్రోకైరా కెంఫెరి అన్నది అలా వచ్చింది. జపాన్ జాలరులకు మాత్రం అది తకాఅషిగని. సురుగా అఖాతం ఒడ్డున హెదా అనే ఊళ్లో దాన్ని ఆవిరికి ఉడికించి వడ్డించే భోజనశాలలకు మంచి పేరుంది.

సాధారణంగా అది 150 నుంచి 300 మీటర్ల లోతున తిరుగుతుంది. 600 మీటర్ల దాకా కూడా దిగుతుంది. గుడ్లు పెట్టే వసంతకాలంలో మాత్రం 50 మీటర్ల దాకా పైకి వస్తుంది. 300 మీటర్ల లోతులో ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ దాదాపు 30 కిలోల ఒత్తిడి ఉంటుంది. అంత ఒత్తిడికి అది నలిగిపోదా అన్న సందేహం సహజం. నలిగేది గాలి ఉన్న చోటే. మనిషికి ఊపిరితిత్తుల్లో, చెవుల్లో, ముక్కు వెనక గదుల్లో గాలి ఉంటుంది. పీత ఒంట్లో గాలి తిత్తి ఏదీ లేదు. లోపలా నీరే, బయటా నీరే కాబట్టి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది.

ఇంత పెద్ద శరీరం ఉంది కదా అని అది వేటగాడని అనుకోకూడదు. నిదానంగా నడుస్తూ, పైనుంచి రాలిపడిన చచ్చిన చేపలను, నాచును, గవ్వ పురుగులను ఏరుకు తింటుంది. పిల్ల వయసులో డిప్ప మీద స్పాంజీలనూ నాచునూ అతికించుకుని శత్రువుల కంటబడకుండా కూర్చుంటుంది. పెద్దయ్యాక దాని జోలికి వచ్చేవి తక్కువ కాబట్టి ఆ వేషం అవసరం పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక ఎండ్రకాయను పట్టుకుని వెల్లకిలా తిప్పి చూడాలి. కడుపు మీద తెల్లని మడత ఒకటి అతుక్కుని ఉంటుంది. అది సన్నగా, కొస తేలి ఉంటే మగది. వెడల్పుగా, కడుపంతా కప్పి ఉంటే ఆడది. నిజానికి అది పీత తోకే. రొయ్యకు వెనక్కి చాచి ఉండే భాగం పీతకు కిందికి మడిచి ఉంటుంది. ఆడదాని మడతను చిన్నగా ఎత్తితే లోపల వెంట్రుకల్లాంటి చిన్న కాళ్లు కనిపిస్తాయి. గుడ్లు అంటిపెట్టుకునేది వాటికే. నోటి దగ్గర మూడు జతల పలకలు తలుపుల్లా మూసుకుని ఉంటాయి. ముందరి రెండు పట్టుకాళ్లు, వాటి వెనక నాలుగు జతల నడక కాళ్లు, మొత్తం పది. కళ్లు రెండూ పొట్టి కాడల మీద నిలబడి, వేలు దగ్గరికి రాగానే గుంటల్లోకి వాలిపోతాయి. 19 కిలోల జపాన్ పీతను తిరగేసినా ఇదే అమరిక, ఇదే లెక్క.

ఈ ఒంటికి ఒకటే పెద్ద ఇబ్బంది. అస్థిపంజరం బయట ఉంది. కైటిన్ అనే పదార్థం మీద సున్నం పేరుకుని గట్టిపడిన ఆ డిప్ప సాగదు. లోపలి ప్రాణి పెరగాలంటే డిప్పను వదిలెయ్యాల్సిందే. పాము కుబుసం విడిచినట్టు అని చెప్పుకుంటాం గానీ పీత పని అంతకంటే ఎంతో కష్టం. పాము పై పొర మాత్రమే వదులుతుంది. పీత కంటి మీది పొర, మొప్పల మీది పొర, పొట్ట లోపల మేత నమిలే పళ్ల పొరతో సహా అన్నీ వదలాలి.

ముందుగా పాత డిప్పలోని సున్నాన్ని కొంత ఒంట్లోకి లాక్కుంటుంది. దాని కింద మెత్తటి కొత్త తొడుగు సిద్ధం చేసుకుంటుంది. తర్వాత వెనకవైపు డిప్పకూ తోకకూ మధ్య అతుకు విడిపోతుంది. ఆ సందులోంచి పీత వెనక్కి వెనక్కి జరుగుతూ ఒక్కొక్క కాలునూ పాత తొడుగులోంచి లాక్కుంటుంది. బయటపడగానే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. కొత్త తొడుగు గట్టిపడేలోగా ఆ ఉబ్బినంత మేరకే దానికి పెరుగుదల. గట్టిపడే దాకా అది నడవలేదు, కరవలేదు, పారిపోలేదు. ఎండ్రకాయ అయితే ఆ రోజుల్లో బొక్క దాటి బయటికి రాదు. మీటరున్నర కాళ్లను సన్నని కీళ్ల సందుల్లోంచి లాక్కోవాల్సిన జపాన్ పీతకు ఇది ప్రాణగండమే. మధ్యలో కాలు ఇరుక్కుంటే కాలునైనా పోగొట్టుకోవాలి, ప్రాణాన్నైనా పోగొట్టుకోవాలి.

కాలు పోవడం దానికి అంత పెద్ద విషయమేమీ కాదు. కాలువ గట్టున పిల్లలు ఎండ్రకాయను ఒక కాలు పట్టుకుని లాగితే ఆ కాలు చేతిలో ఉండిపోతుంది, ఎండ్రకాయ నీళ్లలో ఉంటుంది. కాలు మొదట్లో తెగడానికని ముందే ఏర్పడిన గీత ఒకటి ఉంది. పీత తన కండరంతోనే అక్కడ తుంచుకుంటుంది. తెగిన చోట పొర మూసుకుని రక్తం ఆగిపోతుంది. తర్వాత అక్కడ చిన్న మొగ్గ లేస్తుంది. డిప్ప మార్చిన ప్రతిసారీ అది పెద్దదవుతూ మళ్లీ కాలవుతుంది. అందుకే ఒక పట్టుకాలు లావుగా, ఒకటి పీలగా ఉన్న ఎండ్రకాయలు తరచూ కనిపిస్తాయి.

డిప్ప ఎప్పుడు మార్చాలో ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న వెంట నడిచిన వాళ్లలో రాయలసీమ శాస్త్రవేత్తలది ముందువరుస. 1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ప్రయోగశాలలకు చుట్టుపక్కల వరిమళ్ల ఎండ్రకాయే ముడిసరుకు. దాని శాస్త్రీయ నామం ఒజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్. 1798లో ఫాబ్రిషియస్ దాన్ని మొదట వర్ణించాడు. ఆర్. రామమూర్తి, పి. శ్రీనివాసుల రెడ్డి, వారి విద్యార్థులు దశాబ్దాల పాటు దాని రక్తాన్ని, హార్మోన్లను, గుడ్ల పెరుగుదలను కొలుస్తూ వచ్చారు. పీతల హార్మోన్ల మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో ఈ ఎండ్రకాయ పేరు తరచూ తగులుతుంది. మన మడిగట్టు ఎండ్రకాయకు ఇంత పేరుందని కర్నూలు, కడప జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? బడిపిల్లలకు చెప్పదగ్గ విషయం ఇది.

ఈ పని అంతా కంటికాడ చుట్టూ తిరుగుతుంది. పీత కంటికాడ లోపల ఎక్స్ ఆర్గాన్, సైనస్ గ్రంథి అని రెండు చిన్న భాగాలున్నాయి. డిప్ప మార్చకుండా ఆపి ఉంచే హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది. తల భాగంలోని వై ఆర్గాన్ డిప్ప మార్పించే హార్మోన్‌ను తయారుచేస్తుంది. కంటికాడ నుంచి అడ్డు ఉన్నంతకాలం వై ఆర్గాన్ చేతులు కట్టుకుని ఉంటుంది. కాడలు రెండూ తీసేస్తే అడ్డు తొలగి పీత త్వరత్వరగా డిప్ప మార్చేస్తుంది. రక్తంలో చక్కెరను పెంచే హార్మోన్, అండాశయం ఎదగకుండా ఆపే హార్మోన్ కూడా ఆ కాడలోవే. సెరొటోనిన్, మెలటోనిన్ అనే పదార్థాలు ఎండ్రకాయలో డిప్ప మార్పును వేగిరం చేస్తాయని ఎస్.బి. సాయినాథ్, శ్రీనివాసుల రెడ్డి 2010లో ప్రచురించారు. మెలటోనిన్ మనిషి మెదడులో రాత్రిపూట ఊరి నిద్రకు పిలిచే పదార్థమే.

ఈ జ్ఞానానికి కోస్తాలో మార్కెట్టు విలువ కూడా ఉంది. రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లకు రావడానికి ఒక కంటికాడను తీసేసే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. దాని వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

డిప్ప మార్చే యంత్రాంగం ఒకటే అయినప్పుడు ఒకటి నలభై గ్రాముల దగ్గర ఆగి, ఇంకొకటి 19 కిలోలకు ఎలా పెరిగింది? జవాబులో మొదటిది చలి. జపాన్ పీత తిరిగే లోతుల్లో నీరు ఏడాది పొడవునా పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. చల్లని ఒంట్లో జీవక్రియ మెల్లగా సాగుతుంది, ఎదుగుదల నిదానిస్తుంది, ఈడు రావడం ఆలస్యమవుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఈ ఓపికకు మరీ మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాకు దక్షిణాన దొరికే టాస్మేనియా మహాపీత. కాళ్ల పొడవులో జపాన్ పీతకు చాలకపోయినా ఒళ్లు మహా దిట్టం. పదమూడు కిలోలకు పైగా తూగిన మగ పీతలున్నాయి. దాని పిల్లలు మూడు నాలుగేళ్లకోసారి డిప్ప మారుస్తాయి. పెద్ద ఆడపీతలు దాదాపు తొమ్మిదేళ్లకోసారి మాత్రమే మారుస్తాయి. చాలా పీతల్లో ఆడది డిప్ప మార్చినప్పుడే జతకట్టగలదు. అలాంటప్పుడు తొమ్మిదేళ్ల ఎడం అంటే ఎంత నెమ్మదైన సంసారమో అర్థమవుతుంది. వలలో ఎక్కువగా పట్టేస్తే ఆ లోటు పూడటానికి ఒక తరం పడుతుంది.

రెండోది ఆక్సిజన్. చల్లని నీటిలో అది ఎక్కువగా కరుగుతుంది. పీత రక్తంలో మనలా ఇనుముతో ఎర్రగా ఉండే హిమోగ్లోబిన్ ఉండదు. రాగితో చేసిన హిమోసయనిన్ ఉంటుంది. ఆక్సిజన్ అందితే నీలంగా, అందకపోతే రంగులేకుండా కనిపిస్తుంది. ఎండ్రకాయ కాలు విరిగినప్పుడు కారే నీళ్లలాంటిది రక్తమే. హిమోసయనిన్ ఆక్సిజన్ మోయడంలో హిమోగ్లోబిన్ అంత దిట్ట కాదు. నీటిలో పుష్కలంగా ఉంటే తప్ప పెద్ద ఒంటికి సరిపడా అందించలేదు.

ఇదే చోట మన బంగాళాఖాతం కథ వేరుగా ఉంటుంది. కృష్ణ, గోదావరి, గంగ తెచ్చిపోసే తీపినీరు పైన తేలుతుంటుంది. కింద ఒకటి రెండు వందల మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన పొర ఉంది. ఆ పొరలో బతికే పీతలను వెలికితీసి లోకానికి చూపింది ఇన్వెస్టిగేటర్ అనే ఓడ. 1881లో జలప్రవేశం చేసిన ఈ పొగ ఓడ బ్రిటిష్ ఇండియా సముద్ర సర్వే శాఖది. పటాలు గీయడం దాని అసలు పని. దాని మీద ఒక వైద్యుడిని ప్రకృతి పరిశీలకుడిగా కూడా నియమించేవారు. 1888 నుంచి 1892 దాకా ఆ ఉద్యోగంలో ఉన్న ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్ లోతు నుంచి వలతో దేవిన ప్రతి జీవినీ సారాయి సీసాల్లో భద్రపరిచి, కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చేర్చాడు. ఆ ఓడ పట్టిన లోతు సముద్రపు పీతల మీద 1899లో ఆయన ఒక సంపుటమే వెలువరించాడు.

అందులో చోటుచేసుకున్న ఒక సాలీడు పీత పేరు ఎన్‌సెఫలాయిడిస్ ఆర్మ్‌స్ట్రాంగి. ఉడ్‌మేసన్, ఆల్కాక్ కలిసి 1891లో దానికి పేరు పెట్టారు. దాని డిప్ప మీద రెండు పక్కలా మొప్పల గదులు ఉబ్బి, నడుమ ఒకదానికొకటి ఆనుకుని, చూడటానికి మెదడులా ఉంటుంది. ఊపిరి కరువైన నీటిలో మొప్పలకు ఎక్కువ చోటు కావాలి. ఒళ్లు పెంచుకునే బదులు అది ఊపిరి గదిని పెంచుకుంది.

మన వరిమడి ఎండ్రకాయ కూడా సరిగ్గా అదే చేసింది. వేసవిలో మురిగిన బురద నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఎండ్రకాయ డిప్ప పక్కలు ఉబ్బెత్తుగా ఉండటానికి కారణం లోపలి మొప్పల గది విశాలంగా ఉండటం. ఆ గది గోడల్లో సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. మొప్పలు తడిగా ఉన్నంతసేపు నేల మీద కూడా గాలిలోంచే ఊపిరి తీసుకోగలదు. అందుకే సంతకు తట్టలో తెచ్చిన ఎండ్రకాయలు గంటలకొద్దీ బుసబుస నురగ కక్కుతూ బతికే ఉంటాయి. మే నెలలో పైన 42 డిగ్రీలు దాటి నేల పగిలినప్పుడు, కింద చెమ్మ తగిలే దాకా బొక్క తవ్వుకుంటూ పోయి, మూతి దగ్గర మట్టి అడ్డంపెట్టుకుని, మేత లేకుండా, కదలకుండా వానల దాకా పడి ఉంటుంది. లోతు సముద్రం ఒక రకం కరువు, సీమ ఎండాకాలం ఇంకో రకం కరువు. రెండు చోట్లా ఈ కుటుంబం బతకనేర్చింది.

చీకటి బతుకు తీరుకు కర్నూలు ప్రాంతంలోనే మరో సాక్ష్యం ఉంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల అడుగు నీటిలో ఆంధ్రకాయిడిస్ అనే ప్రజాతికి చెందిన, కళ్లు లేని పాలిపోయిన చిన్న జీవి బతుకుతోంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆయన సహచరులు ఈ ప్రజాతిని ఆంధ్ర గుహల నుంచి లోకానికి పరిచయం చేశారు. బెలుం జాతికి గెబౌరీ అని పేరు పెట్టారు. 1980లలో ఆ గుహలను శ్రద్ధగా కొలిచి పటం గీసిన జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబౌర్ పేరది. ఇది పీత కాదు. పీతలకు దూరపు బంధువులైన ఐసోపాడ్ల కోవలోది. ఆ కోవలో అన్నింటికన్నా పెద్దదైన బాథినోమస్ మళ్లీ లోతు సముద్రంలోనే, బంగాళాఖాతంతో సహా, అడుగున పాకుతూ ఉంటుంది. పెద్దది కడలి అడుగున, చిన్నది కొలిమిగుండ్ల రాతి కింద.

అయితే ఇంత దూరం ఎండ్రకాయ ఎలా వచ్చింది? కడప జిల్లా ఒకప్పుడు సముద్రమే కదా, అప్పుడు మిగిలిపోయి ఉంటుందని ఎవరికైనా తోచవచ్చు. సముద్రం ఉన్న మాట నిజం. వేంపల్లె సున్నపురాళ్లలో, తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న ఆ పొరల్లోనే, లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పేర్చిన స్ట్రోమటోలైట్ల గుర్తులు కనిపిస్తాయి. అవి 190 కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా ఏర్పడినవి. అప్పటికి భూమ్మీద పీత కాదుగదా, పురుగు కూడా లేదు. పీతల తొలి శిలాజాలు జురాసిక్ కాలానివి, అంటే 20 కోట్ల ఏళ్ల లోపువి. కడప సముద్రం ఎండ్రకాయను కనలేదు. సముద్రపు పీతల్లో ఒక శాఖ ఎప్పుడో నదుల్లోకి ఎగబాకి, తరాల మీద తరాలు గడిపి ఉప్పునీటితో తెగతెంపులు చేసుకుంది. దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా కనిపించే మంచినీటి పీతల పెద్ద కుటుంబానికి చెందింది మన ఎండ్రకాయ.

ఆ తెగతెంపుల రహస్యమంతా బాల్యంలో ఉంది. జపాన్ తల్లిపీత ఒక్క కాన్పుకు పదిహేను లక్షల దాకా గుడ్లు మోస్తుంది. పొదిగాక వెలువడేవి పీతల్లా ఉండవు. ముళ్లున్న టోపీ పెట్టుకున్నట్టుండే, కంటికి ఆనీ ఆనని జోయియా పిల్లలు. అవి అలల్లో కొట్టుకుపోతూ రెండు దశలు దాటి, మెగలోపా అనే మూడో రూపం ధరించి, ఆపైన అడుగుకు దిగి పీతలవుతాయి. దారిలో చేపలకు, జెల్లీ చేపలకు మేత అయిపోయేవే అత్యధికం. లక్షల్లో పిడికెడు మిగిలినా చాలన్నది ఆ లెక్క. మన కోస్తాలో మడ అడవుల మండ పీత కూడా మంచినీటి దరిదాపుల్లో ఎంతకాలం బతికినా, గుడ్లు వదలడానికి సముద్రానికి పోవాల్సిందే. దాని పిల్లలకు ఉప్పునీరు కావాలి.

ఎండ్రకాయ ఆ బంధం తెంచుకుంది. గుడ్లు లక్షల్లో పెట్టదు, వందల్లోనే. ఒక్కొక్క గుడ్డు పెద్దది, నిండా పచ్చసొన. జోయియా, మెగలోపా దశలన్నీ గుడ్డులోనే గడిచిపోతాయి. బయటికి వచ్చేది కాళ్లూ డిప్పా అన్నీ అమరిన బుల్లి ఎండ్రకాయే. వచ్చాక కూడా కొన్నాళ్లు అవి తల్లి కడుపు మడత కిందే గుంపుగా పట్టుకుని ఉంటాయి. వానకాలంలో ఒక ఆడ ఎండ్రకాయను తిరగేస్తే మడత అంచుల్లోంచి ఆవగింజల్లా కదిలే పిల్లలు కనిపించడం సీమ పల్లెల్లో కొత్త కాదు. అలాంటిదాన్ని వదిలెయ్యమని పెద్దలు చెప్పడం కూడా కొత్త కాదు.

తల్లి కడుపునే సముద్రం చేసుకోవడం వల్ల ఎండ్రకాయ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, తుంగభద్ర ఒడ్డున, కుందూ వంకల్లో, చెరువు కట్టల్లో సంసారం చేయగలిగింది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. పిల్లలు అలల మీద తేలి కొత్త తీరాలకు చేరే అవకాశం పోయింది. ఒక వంకలో అంతరించిపోతే పక్క పరీవాహకం నుంచి వచ్చి నింపేవి తక్కువ. ప్రపంచంలోని మంచినీటి పీతల జాతులను 2009లో మొదటిసారి సమగ్రంగా అంచనా వేసినప్పుడు ప్రతి ఆరింటిలో ఒకటి అంతరించే ముప్పులో ఉందని తేలింది.

కె.సి. కాలువ ఈ ఎండ్రకాయకు గొప్ప దారి వేసింది. 1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రను అడ్డుకుని తవ్వడం మొదలుపెట్టిన ఈ కాలువ 300 కిలోమీటర్లకు పైగా సాగి కడప చేరుతుంది. పడవలు నడపాలన్న కంపెనీ ఆశ ఫలించలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. లాభం కళ్లజూసింది వరి, వరితోపాటు ఎండ్రకాయ. జొన్న, కొర్ర పండే ఎర్రనేలల్లో దానికి అంత చోటు లేదు. నీరు నిలిచే మడి, మెత్తటి గట్టు, లేత నారు, కుళ్లే ఆకు, నత్తలు, పురుగులు అన్నీ ఒకేచోట దొరికే వరి ఆయకట్టు దానికి సొంత ఊరైపోయింది.

దాన్ని తినే వాళ్లు మనుషులొక్కరే కారు. కొంగలు, లకుముకి పిట్టలు, మడిలో తిరిగే పాములు దాని మీద ఆధారపడ్డవే. తుంగభద్రలో ఎగువన, ఆనకట్టకూ కంప్లికీ మధ్య ఏటిని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. నీటికుక్క మేతలో చేపల తర్వాత చెప్పుకోవాల్సింది పీతలనే. ఆ ఏరే కిందికి వచ్చి సుంకేసుల దగ్గర కె.సి. కాలువ అవుతుంది. కుళ్లిన ఆకును, చచ్చిన చేపను తినేసి మడి అడుగును శుభ్రపరిచే పని కూడా ఎండ్రకాయదే. సముద్రం అడుగున దాని మహాకాయ చుట్టం చేస్తున్న పని అది.

పురుగుమందు ఎండ్రకాయ మీద ఏం చేస్తుందో కూడా తిరుపతి ప్రయోగశాలలు చెప్పాయి. సుమిథియాన్ అనే మందు కలిపిన నీటిలో ఉంచిన ఎండ్రకాయల రక్తంలో చక్కెర ఎగబాకుతుందని, కంటికాడ హార్మోన్ దానికి కారణమవుతోందని 1980లలోనే వాళ్లు పత్రాలు రాశారు. చంపే మోతాదుకు ఎంతో తక్కువలోనే ఒళ్లు ఆందోళన పడుతుందని దాని అర్థం. హార్మోన్ల అదుపు తప్పితే డిప్ప మార్పూ గుడ్ల ఎదుగుదలా కూడా గాడి తప్పుతాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. దాని స్థానంలో వచ్చిన మందులు తక్కువేమీ కాదు.

జపాన్‌లో గుడ్లు పెట్టే కాలంలో సాలీడు పీతను పట్టకూడదన్న కట్టుబాటు ఉంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంది. వరిమడి ఎండ్రకాయకు అలాంటి చట్టమేదీ లేదు, దానికి ఉన్నది రైతు దయ ఒక్కటే. రైతు నష్టం చిన్నది కాదన్నది నిజం. అయినా బొక్కల్లో గుళికలు పోయడం కన్నా మంచి దారులున్నాయి. గట్లను సన్నగా, గట్టిగా చెక్కి మెత్తితే తవ్వడానికి చోటు తగ్గుతుంది. ముదురు నారు నాటితే కొరకలేదు. నాటిన తొలి రోజుల్లో మడిలో నీరు పలచగా ఉంచితే తిరగలేదు. బొక్కలో పోసిన మందు ఆ బొక్కతో ఆగదు, కింది మడికీ, వంకకీ, పులుసు గిన్నెకీ చేరుతుంది.

పులుసు మాటకొస్తే ఒక జాగ్రత్త. మంచినీటి పీతల ఒంట్లో పారాగోనిమస్ అనే ఊపిరితిత్తుల పురుగు పిల్లలుండవచ్చు. మణిపూర్‌లో పచ్చిగా, సగం ఉడికించి తిన్నవాళ్లకు అది సోకి, క్షయలా దగ్గు, రక్తం పడటం జరిగిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. సీమలో బాగా మరగకాచే అలవాటు మంచిది, దాన్ని మానుకోకూడదు. పిల్లలను బొక్కల్లో చెయ్యి పెట్టనివ్వకూడదు. ఎండ్రకాయ ఖాళీ చేసిన బొక్కలో పాము చేరడం మామూలే. గుడ్లతోనో పిల్లలతోనో ఉన్న ఆడదాన్ని పట్టినా తిరిగి మడిలోనే వదిలిపెట్టండి.